గాజుకు గాజే కొలత

సత్తువాచారిలో మా ఆఫీసు వీధికి గాజుల బండి వస్తుంది. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా గాజులన్నీ గలగలమంటాయి. తోటి ఆడవాళ్ళు రంగులు చూడటానికి దిగుతారు. నేనూ దిగుతాను గానీ, ఒక గాజు తీసి లోపల వేళ్ళు చాపి దాని వెడల్పు చూస్తాను. బండివాడికి నేనొక వింత బేరం. ఆ గలగల వింటే గుడియాత్తంలో నాకు పని నేర్పిన మునిరత్నం అన్న గుర్తొస్తాడు.

ఆయన నేతవాళ్ళ ఇంటి బిడ్డ. మగ్గాన్ని తల్లికి వదిలేసి, వీధుల్లోకి ఇంటర్నెట్ తీగలు లాగే పని పట్టాడు. డిప్లొమా చదివి నేను ఆయన దగ్గర చేరాను. ఆ తీగలో ఉండేది వెంట్రుకంత సన్నటి గాజు పోగు. వెలుగు పోయేది దాంట్లోనే. రెండు పోగులను కరిగించి అతికాక, అతుకును ఒక డబ్బాలో భద్రంగా పెట్టి గోడకు బిగించాలి. కొన్న డబ్బాల్లో చీమలు కాపురం పెట్టేవి, వానొస్తే నీళ్ళు దిగేవి. ఈ వానల్లో ఇంకోసారి లైను పోతే పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. అదే జరిగితే అన్న మళ్ళీ మగ్గం గుంటలో కూర్చోవాలి. అది ఆయనకు చచ్చినా ఇష్టం లేదు.

అందుకని సొంతంగా ఒక డబ్బా చేశాడు. స్టీలు టిఫిన్ డబ్బా, మూతకు కుక్కర్ రబ్బరు. బకెట్లో ముంచి తీస్తే లోపల చుక్క తడి లేదు. ఇద్దరం మురిసిపోయాం. తీరా గోడకు పెట్టి చూస్తే అవతలికి వెలుగు సగం కూడా చేరలేదు. అతుకు బాగుంది, డబ్బా బాగుంది, మరి వెలుగు ఏమైపోతున్నట్టు? అన్నం ముందు కూర్చుని కూడా ఆయన అదే ఆలోచన. కోపం లేదు, విసుగు లేదు, అంతా వింతగానే ఉండేది ఆయనకు.

ఒకరోజు మగ్గం ఇంటి తలుపులు మూసి, పోగులోకి ఎర్ర టార్చి కొట్టాడు. అతుకు దగ్గర మిగిలే పోగును ఆయన నూలు కండెకు చుట్టి డబ్బాలో పెట్టి ఉన్నాడు. నేతవాడి చెయ్యి కదా, వేలంత కండెకు బిగించి చుట్టింది. ఆ కండె మొత్తం నిప్పుకణికలా వెలిగింది. మగ్గం మీదున్న వాళ్ళమ్మ తొంగి చూసింది. ఆమెను నేను అవ్వా అని పిలిచేదాన్ని. వెలుతురును మా వైపు అరవంలో వెళిచ్చం అనేస్తాం.

"ఏంది నాయనా, వెళిచ్చమంతా ఈడే ఒలికిపోతాండాదే."

"అవునమ్మా. ఇంత చిన్న మలుపు తిరిగేదానికి కాక బయటికి దూకేసింది," అన్నాడు అన్న. పోగు మీదనుంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి చాపాడు. "గాజు తీసకరామ్మా, ఇంకోతూరి చుట్టి చూస్తా."

ఆయన అడిగింది గాజు పోగు. అవ్వ లోపలికి పోయి, రేకుపెట్టె తెరిచి, చేతికి వేసుకునే పచ్చగాజు ఒకటి తెచ్చి ఇచ్చింది.

నేను నవ్వాను. అన్న నవ్వలేదు. గాజును అటూ ఇటూ తిప్పి చూసి, పోగును దాని చుట్టూ వదులుగా తిప్పి, మళ్ళీ టార్చి కొట్టాడు. గాజు దగ్గర ఎరుపు లేదు. అవతలి కొసన మాత్రం ఎర్రచుక్క మెరిసింది.

"ఈడ కనబడలేదంటే లోపలే పోతాండాదని పాపా," అన్నాడు నాతో. "గాజుకు గాజే కొలత. దీనికన్నా చిన్నగా చుట్టొద్దు."

భర్త పోయాక అవ్వ వేసుకోకుండా దాచిపెట్టిన గాజులవి. ఇంకా కావాలని అడగడానికి అన్న నసిగితే, ఆమే పెట్టె తెచ్చి ముందు పెట్టింది. "నా చేతికి ఎట్లాగూ లేవు గదా నాయనా, గోడల్లోనన్నా ఉండనీ," అంది. నాకు దుఃఖం ఆగలేదు. డబ్బాకొక గాజు పెట్టాం. ఆ వానల్లో లైను పోలేదు, అన్న మగ్గం గుంటలోకి దిగలేదు.

ఇప్పుడు అన్నా లేడు, అవ్వా లేదు. కొత్త డబ్బాల్లో పోగు చుట్టడానికి ప్లాస్టిక్ చక్రాలు వస్తున్నాయి. పక్కన పెట్టి చూస్తే అవి ఇంచుమించు గాజంతే ఉన్నాయి. ఈమధ్య గుడియాత్తంలో ఒక గోడ మీద మా పాత డబ్బా కనిపిస్తే తెరిచాను. రబ్బరు ఎండిపోయింది, పచ్చగాజు మాత్రం అలాగే ఉంది. కొత్త రబ్బరు వేసి, ఆ ఇంట్లోకి పోయి తీగ కొస విప్పి ఎర్ర టార్చి పెట్టి వచ్చాను. చేతులు అడ్డుపెట్టి గాజు చుట్టూ చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏమీ కనబడలేదు.