పోయినాయనకు నేను గీసిన కళ్లు

పేపర్లో ఈమధ్య ఒకటే గోల. ఎక్కడో పోటీలో గెలిచిన ఫోటోకు ఇచ్చిన బహుమతి వెనక్కి లాక్కున్నారట, మూలనున్న మనిషి చెయ్యి చెరిపేశాడని. ఇంకోపక్క మిషన్లే బొమ్మలు పుట్టిస్తున్నాయట, భూమ్మీద లేని మనుషులు నిజం మనుషుల్లాగే నవ్వుతున్నారట. ఇక ఫోటోను ఎట్లా నమ్మేదని పెద్ద పెద్ద ఫోటోగ్రాఫర్లు సభలు పెట్టుకుని తలలు పట్టుకుంటున్నారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అయ్యా, ఇన్నాళ్లూ నమ్మమని మీకు ఎవరు చెప్పారు? ఇప్పుడేదో కొత్తగా దొంగలు పడ్డట్టు ఈ గుండెలు బాదుకోవడమేంది? ఆ దొంగతనం నేను చేశాను. కరెంటు కూడా సరిగా లేని ఆత్మకూరులో, వెంట్రుకంత కుంచెతో, అన్నం తిన్న చేత్తో చేశాను.

మాది ఉదయగిరి. బడి మూడో తరగతితో సరి. తర్వాతి చదువంతా పొట్లాల కాగితాల మీద, ఫోటో ప్లేట్ల డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు చీటీల మీద నాకు నేనే చదువుకున్నది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆత్మకూరు బజారులోని ఒక స్టూడియోలో దిద్దుడు పనికి కుదిరాను. ఫోటో తీయడం ఓనరు పని. మొహాల మీది అమ్మవారి మచ్చలు పూడ్చడం, పెళ్లికూతురి మెల్లకన్ను సరిచేయడం, నల్లవాళ్లను చామనఛాయ చేయడం నా పని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ పనిలో నన్ను మించినవాడు నెల్లూరులో కూడా లేడని నాకు పొగరు.

అన్నిటికన్నా గిరాకీ చచ్చినవాళ్ల ఫోటోలకు. బతికుండగా ఫోటో దిగినవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురుంటే ఎక్కువ. అందుకని మనిషి పోగానే కబురొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గోడకు ఆనించి, దండ వేసి తీసేవాళ్లు. మూసుకున్న కళ్లతో గోడకు తగిలిస్తే ఇంట్లోవాళ్లకు దిగులు కదా, నేను ప్రింటు మీద రంగుతో కళ్లు తెరిపించేవాణ్ణి. పోయినాయన కళ్లు ఎట్లుంటాయో నాకేం తెలుసు? దానికొక పద్ధతి ఉంది. రక్తసంబంధీకుల్లో ఒకరిని నా ఎదురుగా కూర్చోబెట్టుకుని వాళ్ల కళ్లు చూసి గీసేవాణ్ణి. కొడుకు కళ్లు తండ్రికి, చెల్లెలి కళ్లు అక్కకు. వాటిని చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చేవాళ్లు, అచ్చం అట్లే చూస్తన్నాడని.

ఒకరోజు మర్రిపాడు దోవలోని ఒక పల్లె నుంచి మనిషి వచ్చి ఓనరును బస్సెక్కించుకుని పోయాడు. మూడోనాడు ఆ పల్లె రైతు ఒకాయన స్టూడియోకొచ్చాడు. పోయింది ఆయన తమ్ముడు. ఓనరు నా ముందు ప్రింటు పెట్టాడు. నడుమ కుర్చీలో తమ్ముడు, పక్కన భుజం మీద చెయ్యేసి నిలబడిన అన్న. తమ్ముడి దవడ కింద కట్టిన గుడ్డ, కాలి బొటనవేళ్లకు కట్టిన దారం అట్లాగే ఉన్నాయి. దండ మాత్రం లేదు. ఒళ్లో, చేతి కింద, ఒక కాగితం.

"గుడ్డ, దారం తీసెయ్. కాగితం బాగా కనపడేటట్టు చెయ్. కళ్లు మామూలే," అన్నాడు ఓనరు.

"పోయినాయనకు కాగితమెందుకయ్యా?"

"ఎందుకో ఆయన్నడుగుతావా ఏంది? కళ్లు పెట్టరా సామీ, ఈ రోజే కావాలంట."

మామూలుగా అయితే రంగు వేసిన ప్రింటును మళ్లీ ఫోటో తీసి, ఆ రెండో ప్రింటు ఇచ్చేవాళ్లం, రంగు బయటపడకుండా. తొందరన్నాడు కాబట్టి రంగు వేసిందే అద్దం కట్టించి ఇచ్చేశాం. ఎదురుగా కూర్చున్న అన్న నాకేసి కళ్లార్పకుండా చూశాడు. బాగా లోతైన కళ్లు, కనుబొమల కిందికి పోయిన రెప్పలు. చూసి చూసి దించాను. పోయేటప్పుడు ఆయన నా చేతిలో ఒక రూపాయి ఎక్కువ పెట్టాడు. అనుమానం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. జేబులో వేసుకున్నాను.

ఇరవై రోజులకు ఒక ఆడమనిషి స్టూడియో మెట్ల దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. నుదుట బొట్టు లేదు.

"మా ఆయన ఫోటో తీసింది ఇక్కడేనా? మా ఆయన మా బావ కళ్లతో చూస్తన్నాడు ఆ ఫోటోలో. ఎట్లొచ్చినాయి ఆయనకు ఆ కళ్లు?"

ఓనరు నవ్వాడు. "అన్నదమ్ముల కళ్లు ఒకటిగా ఉండవా తల్లీ?"

"మా ఆయనవి బయటికొచ్చిన కళ్లు. కప్ప కళ్లోడని ఊరంతా ఎగతాళి చేసేది. నేనూ చేసేదాన్ని."

ఆమె చెప్పింది ఇది. తల్లికి బాగలేదంటే అనంతసాగరం పక్కన పుట్టింటికి పోయింది. మొగుడు జ్వరంతో, చేని దగ్గరున్న అన్న ఇంట్లో పడుకున్నాడు. అక్కడే పోయాడు. ఈమె వచ్చేసరికి పాడె కట్టారు. కర్మలయ్యాక బావ కాగితం తీశాడు, చెరువు కింద మడి తమ్ముడు తనకు రాసిచ్చాడని. వేలిముద్ర వేసిన రోజు తీయించామని ఫోటో చూపించాడు. మడి కోతకొచ్చి ఉంది. ఆదివారం పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. ఆమెకున్న ఆధారమంతా ఆ మడే.

"తీయమంటే తీసినాము. బతికినోడో పోయినోడో మాకేం పని? వెళ్లమ్మా, గిరాకీ వేళ," అన్నాడు ఓనరు.

ఆమె వెళ్లిపోయింది. ఒక మొహం మీద మచ్చలు పూడ్చాను. ఇంకొకటి మొదలుపెట్టాను. కుంచె పడేశాను. లేచి బస్సుల దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మా, ఆ కళ్లు నేను గీసినవి."

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "అందరి ముందరా చెప్తావా?"

"చెప్తాను."

"చూద్దాం," అంది. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

ఆదివారం ఆ పల్లెలో మిషనరీల బడి వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. నడుమ ఆ బడిలోనే పనిచేసి విరమించిన ముసలి అయ్యవారు. ఫోటో చేతులు మారుతూ ఉంది. అన్న గట్టిగా మాట్లాడుతున్నాడు: "నేను చెప్పేది నమ్మద్దు. ఫోటోను నమ్మండి. దానికి ఎవురి మీదా పగ లేదు గదా."

నేను లేచి చెప్పాను. ఆయన పోయినాక తీసిన ఫోటో ఇది, దవడ గుడ్డ నేనే గీకేశాను, కళ్లు నేనే వేశాను అని.

"ఎంతిచ్చింది రా ఆమె నీకు?" అన్నాడు అన్న. వసారాలో నవ్వులు. వెనకనుంచి ఎవరో అన్నారు, "కుర్రోడు, ఆమె చిన్నవయసు. ఇంకేమిచ్చిందో!"

అయ్యవారు చెయ్యెత్తి ఆపాడు. నాకేసి తిరిగాడు. "అబ్బయ్యా, నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. అప్పుడు అబద్ధం గీసినోడివి, ఇప్పుడు నిజం చెప్తన్నావని మాకెట్లా తెలిసేది?"

డెబ్బై ఏళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. "అద్దం విప్పించండి, ఒక చెంబు నీళ్లివ్వండి," అన్నాను.

"నా తమ్ముడి ఫోటో పాడు చేస్తాడు వీడు!" అన్న ఫోటోను లాక్కుని ఎదకు హత్తుకున్నాడు.

"నిజం కళ్లయితే నీళ్లకు పోతాయా ఏంది? ఇటియ్," అన్నాడు అయ్యవారు.

ఇవ్వక తప్పలేదు. మేకులు ఊడదీశారు. పంచె కొంగు తడిపి ఎడమ కన్ను మీద అద్దాను. మొదట ఏమీ కాలేదు. రంగులో నేను కలిపిన బంక అంత మంచిది. మళ్లీ అద్దాను. నలుపు కరిగి చెంప మీదికి కారింది. తెలుపు పోయింది. కింద ఉబ్బెత్తుగా, గట్టిగా మూసుకున్న రెప్ప.

ఒక కన్ను చూస్తూ, ఒక కన్ను మూసుకుని ఆ మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడు పోయినప్పుడు ఆయన మొహం సరిగా చూడనివ్వలేదట ఆమెను. ఇప్పుడు చూసింది.

"చాలమ్మా?" అన్నాడు అయ్యవారు.

"రెండోది కూడా తుడవమనండి. మా బావ కళ్లు ఆయనకొద్దు."

తుడిచాను. నేను గీసిన వాటన్నిటిలోకి గొప్పగా వచ్చిన కళ్లు అవి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కాగితం చెల్లదన్నారు. అన్న గొణుక్కుంటూ దిగిపోయాడు. ఇందాక నవ్విన వాళ్లే, నాకు ముందే అనుమానం, నాకు ముందే అనుమానం అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. అయ్యవారు ఒక్కడే నన్ను మెచ్చుకోలేదు.

ఆమె ఫోటోను కొంగులో చుట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దండం పెడుతుందేమో అనుకున్నాను. ఆ వయసు అట్లాంటిది.

"నువ్వు గీసేటప్పుడు దవడకు గుడ్డ ఉండాది గదా?"

"ఉండాదమ్మా."

"చేతి కింద కాగితం కనపడింది గదా?"

"కనపడింది."

"మరి?"

ఆమె ఫోటో చుట్టిన కొంగును బిగించుకుంది. తర్వాత వసారా దిగి, రేపటి కోతకు కూలోళ్లను పిలవడానికి ఊళ్లోకి పోయింది.