సాలీడుకి పొందూరు పరుపు

ఆ రోజుల్లో, అంటే అరవైలు చివరికొస్తున్న రోజుల్లో, మా వైపు పల్లెల్లో బీయెస్సీలో జువాలజీ తీసుకున్నవాడంటే సగం డాక్టరు కింద లెక్క. మిగతా సగం వైజాగులో ఉంటుందనీ, వెళ్ళి తెచ్చుకోవడమే తరువాయి అనీ ఊరంతా నమ్మేది. ఊరికంటే ఎక్కువగా నేను నమ్మేవాణ్ణి. విజయనగరంలో మొదటి సంవత్సరం అయిందనిపించి వేసవి సెలవులకి కోటబొమ్మాళి దగ్గర మా ఊరొచ్చేసరికి నా అనుభవమల్లా నాలుగు కప్పలు, కొన్ని బొద్దింకలు (అందులో ఒకటి కోస్తుండగా లేచి పారిపోయింది). ఆ మాత్రం దన్నుతోనే వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ నాలికలు చాపించి, కనురెప్పలు కిందికి లాగి చూసి "ఊఁ" అనేవాణ్ణి. ఆ ఊఁ తరవాత ఏమనాలో నాకు తెలియదు కాబట్టి అక్కడితో ఆగిపోయేవాణ్ణి. దాంతో తక్కువ మాట్లాడే డాక్టరని పేరు కూడా వచ్చింది.

నా వైద్యాన్ని నమ్మనివాడు ఊళ్ళో ఒక్కడే, మా నాన్న. జీడితోట, నాలుగు మళ్ళు ఉన్న రైతు. కొడుకు తోట చూసుకుంటే చాలుననేది ఆయన కోరిక, మెడిసిన్ చదవాలనేది నాది. ఆ సెలవుల్లోనే ఒకరోజు జీడిపిక్కలు ఏరుతుంటే, పుచ్చిన మాను మొదట్లోంచి అరచెయ్యంత సాలీడొకటి బయటికొచ్చింది. ఒళ్ళంతా బొచ్చు, కాళ్ళు నా చిటికెన వేలంత. పొందూరునుంచి సెలవులకొచ్చిన మా బావ (మా మేనత్త కొడుకు, నా ఈడువాడే) అది చూసి జీడిచెట్టెక్కేశాడు. నాకూ ఎక్కాలనే ఉంది గాని, ఉన్న ఒక్క కొమ్మా వాడు తీసుకున్నాడు. అదీగాక, పెద్ద సాలీడుని ఎవరైనా ప్రాణంతో తెస్తే కాలేజీ వార్షికోత్సవంలో వాళ్ళ పేరుతో ప్రదర్శనకి పెడతానని మా లెక్చరరు చెప్పి ఉన్నారు. కళ్ళు మూసుకుని తువ్వాలు దాని మీద పడేసి, బిస్కట్ల డబ్బాలో పెట్టి మూతేశాను.

నాన్న డబ్బా మూత కొంచెం తీసి చూసి, మళ్ళీ వేసేసి, చుట్ట ముట్టించుకున్నాడు. "ఒరే డాట్రూ, సెలవులయ్యీదాకా దీన్ని బతికించు సూద్దాం. బతికిందా, నువ్వు ఏ సదువంటే ఆ సదువు. సచ్చిందా, నీ కత్తెర్లూ సీసాలూ అటకెక్కించీసి నాతోటి తోటకొచ్చీయాల. ఏటంటావు?" అన్నాడు. నేను ఊఁ అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాటకి అర్థం ఉంది.

ఇల్లు మాత్రం దానికి బ్రహ్మాండంగా కుదిరింది. నాన్న ఒకప్పుడు కోటబొమ్మాళి స్టేషను దగ్గర మిఠాయికొట్టు పెట్టి, సరుకంతా చుట్టాలే తినెయ్యడంతో ఎత్తేశాడు. మిగిలిన అద్దాల పెట్టె అటక మీద ఉండేది. దాన్ని దింపి, తుడిచి, పెరటి వసారాలో పెట్టాను. ఎంత తుడిచినా జంతికల వాసన పోలేదు. మా నాన్నమ్మ అటువైపు వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకుని (జంతికల వాసనకి కాదు), "ఎనిమిది కాళ్ళ దరిద్రాన్ని ఇంట్లోకి తెచ్చి పెట్టినావేటిరా! నా వొంటింటి గడప తొక్కిందా, దాన్నీ నిన్నూ ఒక్క సీపురుతోటే ఊడ్సీస్తాను" అనేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ మాటంటే నాన్నకే హడలు.

ఇక అసలు చిక్కు, పెట్టెలో కింద ఏం వెయ్యాలన్నది. నా పుస్తకంలో సాలీడు లోపల ఏముంటుందో బొమ్మలతో సహా ఉంది గాని, సాలీడు కింద ఏముండాలో ఎక్కడా లేదు. లేకపోతేనేం, నేనే ఒక సిద్ధాంతం తయారుచేశాను. పురుగు జాతికి తడి శత్రువు, తడి ఉంటే బూజు, బూజు ఉంటే రోగం, కాబట్టి అంతా ఎండుగా ఉండాలి. (సాలీడు పురుగుల్లో చేరదు, ఎనిమిది కాళ్ళవాటిది వేరే తరగతి. ఈ సంగతి నాన్నమ్మకి వివరించబోయి చీపురు దాకా తెచ్చుకున్నాను.) వంశధార ఇసుక తెచ్చి, వంటింటి జల్లెడతో జల్లించి, మూకుట్లో వేయించి మరీ పోశాను. పాపం సాలీడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొయ్యి తవ్వుకుంది. అది తవ్విన కొద్దీ ఇసుక జారి పూడిపోయింది. చూస్తున్న నాకే నీరసం వచ్చి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. చివరికది విసిగిపోయి అద్దం మూలకెక్కి వేళ్ళాడింది. ఇసుక తీసేసి ఊక పోశాను. ఊక మీద ఒక్క కాలు పెట్టి, తీసేసి, మళ్ళీ అద్దమెక్కింది. అంత పెద్ద ప్రాణి ఒక కాలితో నేలని తడిమి వద్దనడం చూస్తే, పెళ్ళివారు విడిదిల్లు చూసి మొహం చిట్లించినట్టనిపించింది. రంపపు పొట్టు వేస్తే దాని వాసనకి నేనూ తుమ్మాను, అదీ (తుమ్మగలిగితే) తుమ్మే ఉంటుంది.

అప్పుడు మా బావ కల్పించుకున్నాడు. "బావా, గచ్చు మీద తొంగుంటే మనకే నడుం పట్టీస్తాది. రెండు కాళ్ళోలికే అలగుంటే ఎనిమిది కాళ్ళోలికి ఎలగుంటాదో ఆలోసించు. మెత్తగా ఏటైనా ఎయ్యాల" అన్నాడు. నాకది గొప్ప శాస్త్రీయమైన ఆలోచనలా కనిపించింది. మెత్తనిదంటే మా ఇంట్లో ఒకటే. మా మేనత్త పొందూరునుంచి నాన్నమ్మకి దీపం వత్తుల కోసం దూది పంపించేది. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. అలా దువ్విన దూది చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. నాన్నమ్మ స్నానానికెళ్ళినప్పుడు దేవుడి గూట్లోంచి తీసి పెట్టెనిండా పరిచాం. తలగడ కూడా ఉండాలని బావ పట్టుబట్టి ఒకటి చుట్టాడు. (తల ఎటు పెడుతుందో తెలియక రెండువైపులా పెట్టాం.) సాలీడుని దింపాం. అది ఒక కాలెత్తింది, దూది లేచింది. ఇంకో కాలెత్తింది, ఇంకాస్త లేచింది. కాసేపటికి ఎనిమిది కాళ్ళకీ దూది చుట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. అది నాకు తృప్తిలా కనిపించింది. తరవాత బొద్దింకలిచ్చినా, మిడతలిచ్చినా ముట్టుకోవడం మానేసింది. సుఖపడ్డ ప్రాణికి ఆకలి తగ్గుతుందని ఇంకో సిద్ధాంతం చెప్పాను. బావ ఒప్పుకున్నాడు. వాడు సుఖంగా ఉన్నప్పుడు కూడా బాగానే తినేవాడు, అయినా నా మాట మీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నాడు.

ఒకరోజు పొద్దున్న వెళ్ళి చూస్తే పరుపు మీద వెల్లకిలా పడి ఉంది. కాళ్ళన్నీ పైకి. మెడిసిన్ పోయింది, వైజాగు పోయింది, వార్షికోత్సవం పోయింది అని వరసగా లెక్కపెట్టుకుని, ఆఖర్న అది పోయిందన్న సంగతి తట్టేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. రోజూ చూస్తూ చూస్తూ దాని మీద నాకు ఇష్టం ఏర్పడిపోయిందని అప్పుడే తెలిసింది. వసారాలో కూలబడి, చదువుకున్నవాణ్ణన్నది మరిచిపోయి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

నా ఏడుపు విని నాన్నమ్మ వచ్చింది. ముక్కు మూసుకోకుండా పెట్టె మీదికి వంగి చాలాసేపు చూసింది. "సచ్చిపోనాదని ఎవులన్నారు? కాలు సన్నగా అదురుతన్నాది సూడు. ఊపిరున్నాది" అంది. వెంటనే ఆవిడ చూపు దూది మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. చీపురు రాలేదు. "ఓలమ్మో! పేణం పోయీటప్పుడు పరుపు మీద ఉంచుతారేటిరా! పరుపు మీద పోతే ఆ పేణానికి దారి దొరకదు, ఇంటికీ మంచిది కాదు. లెగండి, నేలకి దింపండి!" అంది. మా వైపు మనుషులకి ఆఖరి ఘడియ వస్తే మంచం మీదనుంచి దించి నేల మీద పడుకోబెడతారు, తులసి నీళ్ళు నోట్లో పోస్తారు. ఆ మర్యాద ఎనిమిది కాళ్ళ దరిద్రానికి కూడా వర్తిస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"నాన్నమ్మా, అది సాలీడు" అన్నాను.

"అయితే? పేణం కాదేటి?"

జువాలజీ ప్రకారం కూడా ప్రాణమే. కాని ఇంకో ఇబ్బంది వచ్చింది. నేల మీద పెడితే పెరట్లో కోళ్ళు ఊరుకోవు. నాన్నమ్మ కోళ్ళకేసి ఓ చూపు చూసి, "అది నేలకి రాలేకపోతే నేలనే దాని కాడికి తెద్దాం" అని, అరటిచెట్టు పాదులోంచి తడిమన్ను తట్టతో తెప్పించి పెట్టెలో మందంగా పరిపించింది. తన అట్లకాడతోనే (ఆ తరవాత దాంతో అట్లు వెయ్యలేదు) సాలీడుని దూదితో సహా ఎత్తి, కాళ్ళకి చుట్టుకున్న పోగులు ఒక్కొక్కటే విప్పి, మట్టి మీద వెల్లకిలా పెట్టింది. కంచు చెంబులో తులసి ఆకులు వేసి నీళ్ళు తెచ్చి, చుట్టూ చిలకరిస్తూ "నారాయణ, నారాయణ" అంటూ కూర్చుంది. తడి తగలకూడదన్న నా సిద్ధాంతం నాలిక చివరిదాకా వచ్చింది గాని, ఆవిడ మొహం చూసి మింగేశాను.

ఈలోగా నాన్నకి చెప్పాలని బావ తోటకి పరిగెత్తాడు. వెళ్ళినవాడు ఆయాసంలో చెప్పింది ఒక్కటే మాట. "మావా, నేలకి దింపీసినారు! అమ్మమ్మ తులసినీళ్ళు..." అంటూ ఉండగానే నాన్న బుట్ట అక్కడే పడేసి ఊళ్ళోకి పరుగు. దారిలో కనిపించినవాళ్ళకి "అమ్మని దింపీసినార్ట" అన్నాడు. ఇంకేముంది, మా వీధంతా కదిలింది. ఎదురింటి పిన్ని అయితే మా గడపలోకి వస్తూనే "నా తల్లీ, నా బంగారు తల్లీ, ఎల్లిపోనావా" అని రాగం ఎత్తుకుంది. ఆ శోకం విని నాన్నమ్మ చేతిలో తులసి చెంబుతో వీధిలోకి వచ్చి, గుంపునంతా ఎగాదిగా చూసి, "ఎవులే పోనారు?" అంది.

పిన్ని రాగం ఉన్నపళంగా ఆగిపోయింది. నాన్న చెమటతో, దుమ్ముతో గుమ్మంలో నిలబడిపోయాడు. తల్లిని పైనుంచి కిందిదాకా చూశాడు. అరుగు మీద కూలబడి పైపంచెతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నాన్నమ్మకి సంగతి అర్థమై, ఆయన తల మీద చెయ్యి వేసి, "నానప్పుడే పోనురా ఎర్రోడా" అంది. ఆ చేత్తోనే బావ వీపు మీద ఒక్కటి ఇచ్చింది.

వచ్చినవాళ్ళు ఊరికే పోతారా, పోయేదెవరో చూద్దామని వసారాలోకి వచ్చారు. అప్పటికి సాలీడు వీపు దగ్గర చర్మం పగిలింది. అందరూ చూస్తుండగానే పాత కాళ్ళలోంచి కొత్త కాళ్ళు ఒక్కొక్కటే, తొడుగులోంచి వేళ్ళు తీసినట్టు మెల్లిగా బయటికొచ్చాయి. చాలాసేపటికి పక్కన ఖాళీ తొడుగు, దాని పక్కన తెల్లగా, మెత్తగా కొత్త సాలీడు. "తులసి నీల్లకి లెగిసొచ్చినాది!" అని ఎదురింటి పిన్ని చేతులు జోడించింది. నేను గొంతు సవరించుకుని, ఇది కుబుసం విడవడమనీ, చావడం కాదనీ, పెరగడమనీ చెప్పాను. బొద్దింక కుబుసం గురించి పరీక్షలో మూడు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే. అదే సంగతి కళ్ళెదుట జరుగుతుంటే పక్కన కూర్చుని ఏడ్చినవాణ్ణీ నేనే. నాన్న అన్నీ విని, "అయితే ఇంతకీ దీన్ని బతికించింది ఎవులు?" అని అడిగాడు. నేను ఊఁ అన్నాను.

ఆ అరటిపాదు మన్నులోనే అది సొరంగం తవ్వుకుంది. ఈసారి పూడలేదు. నాన్నమ్మ రోజూ పూజ అయ్యాక చెంబులో మిగిలిన తులసి నీళ్ళు ఓ మూల చిలకరించేది. "దరిద్రం తిన్నాదేటి?" అని నన్ను అడిగేది. సెలవులయ్యాక పెట్టెతో సహా రైలెక్కించి విజయనగరం తీసుకెళ్ళాను. లెక్చరరు మెచ్చుకుని, ఇంత ఆరోగ్యంగా ఎలా ఉంచావు, కింద ఏం వేశావు అని అడిగితే, ఎన్నో ప్రయోగాల మీద తేలిందని గంభీరంగా చెప్పాను. నాన్న మాట నిలబెట్టుకున్నాడు. నేనే మార్కులు నిలబెట్టుకోలేక ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. మా ఊళ్ళో నాలికలు బతికిపోయాయి.

చాలా ఏళ్ళకి కబురొచ్చి వెళ్ళేసరికి నాన్నమ్మని నిజంగానే నేలకి దింపారు. అదే వసారా. వెల్లకిలా, చిన్నగా, ఒళ్ళంతా ముడతలతో పడుకుని ఉంది. తులసి నీళ్ళు నాన్న పోశాడు, అత్త పోసింది, నేనూ పోశాను. కాసేపటికి అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. నేను మాత్రం ఏడవకుండా, ఆనాడు సాలీడుకి చర్మం పగిలిన చోటు గుర్తొచ్చి, ఆవిడ భుజం వైపే చూస్తూ కూర్చున్నాను. నెత్తి నెరుస్తున్న మా బావ వచ్చి పక్కన కూర్చుని, నేను చూస్తున్నవైపు చూసి, నా వీపు మీద చెయ్యి వేశాడు.

"బావా, మడిసి కదా" అన్నాడు మెల్లిగా.

నాకు తెలుసన్నాను. ఎంతయినా జువాలజీ చదువుకున్నవాణ్ణి. అయినా తులసాకు చేతిలో పట్టుకుని ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.