కుంకుడు నీళ్లలో హాలీ రూపాయి

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో మా కోరుట్ల బడికి తాళం పడింది. పొద్దున టీచర్లందరం చౌరస్తాలో టెంటు కింద కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం ఇంటికొచ్చాక కరెంటు ఉంటే కంప్యూటర్ పెట్టుకుని పాత వెండి నాణేల వేలం చూసేదాన్ని. చిల్లులు పడ్డవి, అంచులు అరిగినవి, మెడలో వేసుకోవడానికి రింగు అతికించినవి, అలా ఎవరూ పాట పెంచని వాటినే నేను పాడేదాన్ని. వాడని నాణెం కన్నా ఒకరి ఒంటిమీద అరిగిన నాణెంలో నాకు చూడ్డానికి ఎక్కువ ఉన్నట్టనిపించేది.

అట్లా ఒకసారి నిజాం కాలపు హాలీ రూపాయలు కొన్ని దక్కాయి. బస్సుల్లేక పార్శిల్ జగిత్యాలలోనే ఆగిపోయింది. మా పక్కింటి ముస్లిం అక్క బట్టలు కుడుతుంది, ఆపా అని పిలుస్తాను. లైనింగు గుడ్డ కోసం జగిత్యాల పోతూ తన స్కూటీ మీద నన్నూ ఎక్కించుకుంది.

పార్శిల్ తీసుకుని తిరిగొస్తుంటే ఒక ఊరి దగ్గర సమ్మెలో భాగంగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గరిటె పట్టుకున్నాయన మా బండి ఆపాడు.

“తినిపోండ్రి. తినకుంట ఎవలను పంపుతలేం.”

విస్తరాకుల్లో అన్నం, పప్పుచారు పెట్టారు. నా ఒళ్లో ఉన్న డబ్బా ఏమిటని పక్కనున్న ఆవిడ అడిగితే విప్పి చూపించాను. నాణేలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయాయి.

“గిది ఎక్కడి రూపాయి?”

“నిజాం కాలంది. చార్మినార్ కనవడ్తలేదా? మనదే.”

ఆపాకు ఉర్దూ వచ్చని తెలిసి చదవమన్నారు. ఆమె రింగు ఉన్న రూపాయిని ఎండకేసి అటూ ఇటూ తిప్పింది. మట్టి, జిడ్డు గట్టిపడి దాని మీది రాతేమీ తెలియడం లేదు.

“కడిగినంక చదువుత,” అంది.

మర్నాడు ఆ రూపాయిని ఆమె వరండాలోనే కడిగాం. వడగట్టిన నీళ్లలో నానబెట్టి, పల్చటి కుంకుడు రసంలో ముంచి, చిన్నపిల్లల బ్రష్షుతో మెల్లగా అద్దాను. సందుల్లో ఉన్న పచ్చటి చిలుమును నానిన వెదురు పుల్లతో కదిపాను. తళతళలాడేదాకా తోమకూడదు, తోమితే అక్షరాలు కూడా పోతాయి. నల్లటి నీళ్లు రెండుసార్లు పారబోసేసరికి మినార్లు పైకి తేలాయి. రెండోవైపు రాత ఉంది. ఆపా కుట్టుమిషను మీది కళ్లద్దాలు తెచ్చి పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

“హైదరాబాద్ అని ఉన్నది. దాని ముందుగాల...” అని ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది.

“టీచరమ్మా, గిది మా దాదీ పేరు.”

దాదీ అంటే ఆమె నాన్నమ్మ. జీవితమంతా బీడీలు చుట్టింది. వాడకట్టులో అందరికీ ఆమె బీడీల ముసలమ్మే తప్ప ఆ పేరుతో పిలిచినవాళ్లే లేరట. దాని అర్థం ఆపాకు కూడా తెలియదు. సాయంత్రం మసీదులో పెద్దాయనను అడిగించింది. శుభం కలిగించేది అని అర్థమట. శుభమైన పునాది గల హైదరాబాద్ అని అప్పట్లో నాణెం మీద రాసేవారట.

“ఉంచుకోండి ఆపా,” అన్నాను.

“ఉంచుకొనుడెందుకు? బిడ్డకు చూపిచ్చి తెస్త.”

బిడ్డంటే ఆమె కూతురు, సిరిసిల్లలో ఇచ్చారు. నెలలు నిండాయి, కానీ బస్సుల్లేక పుట్టింటికి రాలేకపోయింది. ఆపానే దొరికిన ఆటో పట్టుకుని వెళ్లింది. ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది.

పేరు దగ్గర కొంచెం పేచీ వచ్చిందట. అల్లుడు కొత్త పేరేదో అనుకున్నాడు. దాదీ పేరు మరీ పాతకాలపుదన్నాడు. అప్పుడు ఆపా కూతురు రూపాయి తీసి అత్త చేతిలో పెట్టిందట. ఆవిడ దాన్ని తడిమి చూసి, “రూపాయి మీద అచ్చేసిన పేరు. గింతకన్న మంచి పేరు ఏడికెల్లి తెస్తవురా?” అందట కొడుకుతో. అంతటితో ఆ మాట తెగిపోయింది.

సమ్మె ముగిసి బడులు తెరిచాక ఒక ఆదివారం ఆపాతో కలిసి సిరిసిల్ల వెళ్లాను. గోడ అవతల మరమగ్గాల సాంచెలు గడగడా ఆడుతున్నాయి. ఆ చప్పుడులోనే పిల్ల చీరె ఉయ్యాలలో హాయిగా పడుకుని, పిడికిలి చప్పరిస్తోంది. ఆపా రూపాయి తిరిగిచ్చే సంగతి ఎత్తబోతే నేను పిల్ల ముక్కు ఎవరి పోలికని అడిగాను. ఆమె నవ్వి, మరి దాని గురించి మాట్లాడలేదు.

ఉయ్యాల మీదికి వంగి నేను పిల్లను పేరు పెట్టి పిలిచాను. తల తిప్పలేదు.

“ఇంక అలవాటు కాలే మేడం,” అంది బాలింత, చాయ్ అందిస్తూ. “రోజు పిలుస్తనే ఉన్నం.”