రిబ్కా సిస్టర్ పంపిన నలభై ఒక్క పేర్లు

అరవై రెండేళ్ల శాలేమురాజు గారికి ఏడో నెల అని తెనాలి ఆఫీసు కంప్యూటర్లో ఎక్కిందని రేపల్లె వైపు ఒక పుకారు. ఆ కంప్యూటర్ని కళ్లారా చూసినవాడు ఇంతవరకు ఒక్కడూ దొరకలేదు. అయినా నేను నమ్ముతాను. ఎందుకంటే ఇందులో రిబ్కా సిస్టర్ చెయ్యి ఉంది.

రిబ్కా మా సర్కారు ఆస్పత్రి కాన్పుల గదిలో హెడ్ నర్సు. కొల్లిపరలో కూలి చేసుకునేవాళ్ల ఇంట పుట్టి, నర్సు చదువు చదివి, పెళ్లయి ఇటు వచ్చింది. ఇరవై మూడేళ్లుగా ఇదే గది. ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు వరసగా నిలబడితే తెనాలి స్టేషన్ నుంచి బాపట్ల దాకా వస్తారు. దూది ఉండ ఒకటి తగ్గినా ఆయాలను నిలబెట్టి అడిగే మనిషి.

ఈమధ్య తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఆస్పత్రులను ఒక గుంపుగా కలిపారు. అన్నిటికీ ఒకే మేనేజరు, పేరు వినయ్ కుమార్, తెనాలిలో కూర్చుంటాడు. డాక్టర్లు, నర్సులు ఇక ఏ ఆస్పత్రికీ సొంతం కాదట. ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపుతారట. వినడానికి బాగానే ఉంది. కానీ కలిపిన వారానికే మా మంచి ఫ్యాను ఉమ్మడి సామానంటూ తెనాలి బస్సెక్కింది. అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

తర్వాత మత్తు డాక్టరమ్మ అపర్ణ గారి వంతు. ఆవిడ లేకపోతే మా దగ్గర కాన్పు ఆపరేషన్లు లేవు. రాబోయే మూడు నెలల్లో ముప్పై మంది కాన్పుకి వచ్చేవాళ్లుంటేనే ఆవిడను వారానికి రెండు రోజులు పంపుతామనీ, లేకపోతే ఆపరేషన్ గదికి తాళమేననీ కబురొచ్చింది. రిబ్కా గర్భిణుల పేర్లు రాసుకునే పుస్తకంలో ఉన్నది పంతొమ్మిది మంది. గది మూతపడితే నొప్పులు పడే మనిషిని తెనాలి దాకా మోసుకెళ్లాలి. పోయినేడు అలా వెళ్తూ అంబులెన్సులోనే ఒక బిడ్డ పోయింది. ఆ తల్లి పక్కన కూర్చున్నది రిబ్కాయే. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు.

ఆ పుస్తకం వెనక పేజీల్లో ఇంకో జాబితా ఉంది. రిబ్కా చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆదివారం ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో అక్కడ రాసుకుంటుంది. పేరు, ఊరు, ఎన్ని నెలలు, ఏం బాధ. హిందువులు కూడా పేర్లిస్తారు. వేమూరు మాణిక్యాంబ గారు తన నడుం నొప్పికి ఇచ్చారు.

లెక్క చూడాలి, పుస్తకం పంపమని తెనాలి నుంచి అడిగితే రిబ్కా పుస్తకమంతా ఫొటోలు తీసి పంపింది. పొరపాటున అంటారు. మరి వెనక పేజీలు నాలుగింటిలోనూ సరిగ్గా ‘ఏం బాధ’ అన్న గడి మీదే ఆమె బొటనవేలు ఎందుకు పడింది? తెనాలిలో లెక్కేస్తే నలభై ఒక్క పేర్లు తేలాయి. వినయ్ కుమార్ సంతకం పెట్టి పైకి పంపేశాడు. మంగళ, శుక్రవారాలు అపర్ణ గారు మాకు దక్కారు.

నెల తిరక్కుండానే వినయ్ కుమార్ తనిఖీకి దిగాడు. మందుల వరసలో నేనే ముందున్నాను. ఒక్క మాట కూడా పోనివ్వలేదు.

“సిస్టర్, ఈ శాలేమురాజు ఎవరు? ఏడు నెలలని ఉంది.”

నా వెనక నిలబడ్డ పెద్దాయన చెయ్యెత్తాడు. “నేనేనండి బాబూ. ఏడు నెలల్నించీ మోకాలు వంగట్లేదండి.”

“మీరు మగవాళ్లు కదండీ!”

“అవునండి. చర్చి పెద్దని కూడానండి.”

మాణిక్యాంబ గారు ఊరుకుంటారా? “బాబూ, నాకు పదకొండో నెల నడుస్తోంది. నా పేరుందేమో చూడు నాయనా.”

వరసంతా ఘొల్లుమంది. మేనేజరు చెవులు మిరపపళ్లయ్యాయి.

“ఏంటిది సిస్టర్?”

“పుస్తకం పంపమన్నారు, పంపానండి. చూసి సంతకం పెట్టింది తమరే కదండి?”

లోపల ఆపరేషన్ గదిలో అపర్ణ గారు ఒకమ్మాయికి మత్తిస్తున్నారు. వినయ్ కుమార్ ఆ తలుపు వైపు చూశాడు, కాగితం మీద తన సంతకం చూసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, మీటింగుందంటూ కారెక్కాడు. ఆ గది మూయించాలంటే, మగాడికి ఏడో నెలని సంతకం పెట్టానని పైవాళ్ల ముందు తనే ఒప్పుకోవాలి. ఇంతవరకు ఒప్పుకున్నట్టు లేదు. డాక్టరమ్మ వస్తూనే ఉన్నారు.

మొన్న రిబ్కాని వరండాలో ఆపాను. “నిజం చెప్పవే, కావాలనే చేశావు కదూ?”

“ఏం చేశాను వదినా? నేనే ఫొటోలూ పంపలేదు. మేనేజరు గారు ఇటెప్పుడూ రాలేదు. మా చర్చి జాబితా చర్చిలోనే ఉంటుంది. ఇదంతా నువ్వు పుట్టించిందే. కాస్త పక్కకి జరుగు, లోపల మనిషికి నొప్పులొస్తున్నాయి.”