రైతు కోటాలో నా సీటు

ఆ ఏడు నీట్ ర్యాంకు వచ్చిన కొత్తలో నేను చేసిన పని ఒక్కటే, లెక్కలు వేసుకోవడం. ఎంబీబీఎస్‌కు ఆ ర్యాంకు ఎటూ చాలదు. దాని మీద నాకు ఆశా లేదు. నాకు కావలసింది పశువైద్యం. అంతకుముందు రెండేళ్లలో వెటర్నరీ సీట్లు ఏ ర్యాంకు దగ్గర ఆగాయో ఫోన్ గ్రూపుల్లో వెతికి, దొరికినవన్నీ నోటుబుక్కులో రాసుకుని, నా ర్యాంకును వాటి పక్కన పెట్టి చూసుకునేదాన్ని. ఒక గ్రూపులో వస్తుందనేవాళ్లు, ఇంకో గ్రూపులో రాదనేవాళ్లు. పొద్దున ఉన్న ధైర్యం మధ్యాహ్నానికి ఉండేది కాదు.

మాది శంషాబాద్ పక్కన పల్లె. విమానాలు చక్రాలు దించుకుని మా ఇంటి మీదుగానే దిగుతాయి. అప్పట్లో మాకు నాలుగు బర్రెలు, ఊరి చివర ఎకరం పైన కొంచెం చేను ఉండేవి. చేనంతా గడ్డే. పొద్దున్నే ఒక మోపు కోసుకురావడం నా వంతు. ఒక ఏడాది మా చేనులో కూడా తెల్లరంగు వేసిన హద్దురాళ్లు కనిపించాయి. ఇవేమిటని అడిగితే, "పక్కోళ్లు కొలతలకని పాతిండ్రు" అన్నాడు బాపు. నేను వాటి చుట్టూ గడ్డి కోసుకుని వచ్చాను.

మా ఊరి పశువుల దవాఖానలో ఒక డాక్టరు ఉండేవారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా తొలిచూలు బర్రె ఈనలేక అవస్థ పడింది. లోపల దూడ తల వెనక్కి మళ్లింది. దారి ఇరుకు, ఆయన చెయ్యి లావు. నా చేతికి భుజం దాకా సబ్బు రాయించి, ఏది కాలో ఏది ముట్టెయో వేళ్లతో ఎలా పోల్చుకోవాలో చెబుతూ, నా చేతనే ఆ తల తిప్పించారు. దూడ బతికింది. "నువ్వు వెటర్నరీ చదవాలమ్మా" అన్నారాయన చేతులు కడుక్కుంటూ. ఆ మాట పట్టుకునే నేను రెండేళ్లు చదివాను.

ర్యాంకు వచ్చాక బాపూ నేనూ ఆయన దగ్గరికి పోయాం. నా నోటుబుక్కు అంతా ఓపిగ్గా చూశారు.

"ఓపెన్‌లో కష్టమమ్మా. మీ కేటగిరీలో సరిగ్గా అంచున ఉన్నావు, రావచ్చు, రాకపోవచ్చు. కానీ రైతు కోటా ఉంది కదా. తల్లి పేరునో తండ్రి పేరునో కనీసం ఎకరం ఉండాలి, నువ్వు కొన్నేళ్లు పల్లె బడిలో చదివి ఉండాలి. దాంట్లో నీకు సీటు ఖాయమనే అనుకుంటున్నాను." బాపు వైపు తిరిగి, "పాస్‌బుక్కు ఉందిగా అండీ?" అన్నారు.

"ఉన్నది సార్" అన్నాడు బాపు.

ఆ మాట అన్నప్పుడు నేను బాపు ముఖం చూడలేదు. నోటుబుక్కులో రైతు కోటా కింద గీత గీసుకుంటున్నాను.

ఆ తర్వాత నేను లెక్కలు మానేశాను. అమ్మ వాడకట్టులో నలుగురికీ చెప్పింది. డాక్టరు తన పాత పుస్తకం ఒకటి ఇస్తే, సీటు వచ్చినట్టే కూర్చుని చదువుకున్నాను.

సర్టిఫికెట్లు చూపించడానికి రాజేంద్రనగర్ పోయాం. వరుసలో మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. బల్ల దగ్గరి ఉద్యోగి పాస్‌బుక్కు తెరిచి, "ఇది పాతది. కొత్తది లేదా?" అన్నాడు.

"ఇదే సార్ మాది" అన్నాడు బాపు.

ఆయన కంప్యూటర్‌లో సర్వే నంబరు కొట్టి చూశాడు. ఇంకోసారి కొట్టాడు. "ఇందులో మీ పేరు లేదు పెద్దాయనా. రెండేండ్ల కిందనే మారింది. ఏదో వెంచర్ కంపెనీ పేరు మీద ఉన్నది."

"తప్పు పడిందేమో జర చూడండి సార్" అన్నాను నేను. "పొద్దుగాలనే మా చేన్ల గడ్డి కోసుకొచ్చిన."

ఆయన నన్ను చూడలేదు, బాపును చూశాడు. బాపు బల్ల మీద చెయ్యి పెట్టి, "మేం రైతులమే సార్. బర్రెలున్నయి" అన్నాడు.

"బర్రెలకు కోటా లేదు పెద్దాయనా" అన్నాడాయన. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లంతా విన్నారు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం.

"ఎప్పుడు అమ్మినవ్?"

"నువ్వు ఇంటర్ల చేరినప్పుడు."

"నాకెందుకు చెప్పలే?"

"సదువుకుంటున్నవ్, పరేషాన్ చేసుడెందుకని. చుట్టూత అందరు అమ్మిండ్రు బిడ్డా. మన చేన్లకు పోయే తొవ్వ గూడ బంద్ వెడ్తమన్నరు. ఇగ ఏం జేయాలె."

"మరి గడ్డి?"

"ప్లాట్లు అమ్ముడువోయేదాంక కోసుకొమ్మన్నరు."

"డాక్టర్ సార్ అడిగినప్పుడన్న చెప్పొద్దా?"

బాపు పాస్‌బుక్కును మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "పాత బుక్కు సూసి ఇడ్సిపెడ్తరేమో అనుకున్న" అన్నాడు.

మా కేటగిరీలో సీట్లు నా ర్యాంకుకు కొంచెం ముందే అయిపోయాయి. మళ్లీ రాయమన్నారు డాక్టరు. రాయలేదు. నేను చదువుకోవడానికని మేడ మీద వేసిన గది కూడా ఆ చేను అమ్మిన డబ్బుతో కట్టిందేనని అమ్మ నోరు జారి చెప్పింది. ఆ గదిలోనే తలుపు వేసుకుని ఉండేదాన్ని. గడ్డికి పోవడం మానేశాను. బాపుతో మాట్లాడటం మానేశాను.

చలికాలంలో ఒక మధ్యాహ్నం కింది నుంచి పిలిచాడు. "బిడ్డా, బర్రె ఈనలేకపోతున్నది. జర వచ్చి చెయ్యి వెట్టి సూడు."

"నేనేమన్న డాక్టర్నా? సార్‌కు ఫోన్ చెయ్యి" అన్నాను.

మళ్లీ పిలిచాడు. కిటికీలోంచి కొట్టం కనిపిస్తూనే ఉంది. బర్రె పడుకుని లేస్తోంది, లేచి పడుకుంటోంది. డాక్టరు ఆ రోజు కొత్తూరు వైపు టీకాల పని మీద పోయారు. ఆయన వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. దూడ లోపలే చచ్చిపోయింది. దాన్ని ముక్కలుగా కోసి తీయాల్సి వచ్చింది. అదంతా అయ్యాక నేను కిందికి దిగాను. ఆయన నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ, "నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" అన్నారు. ఉన్నానన్నాను. ఆ తర్వాత బదిలీ మీద పోయేదాకా నాతో మాట్లాడలేదు.

ఎండాకాలం రాకముందే బాపు బర్రెలను అమ్మేశాడు. విమానాశ్రయం రోడ్డులో ఒక గోదాం దగ్గర కాపలా పనికి కుదిరాడు. నేను డిగ్రీ చేసి, ఇప్పుడు కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే క్లినిక్‌లో పని చేస్తున్నాను. సూది వేసేటప్పుడు కుక్కను కదలకుండా పట్టుకోవడం నా పని. కొత్తగా చదువు ముగించి వచ్చే డాక్టర్లు నాకంటే చిన్నవాళ్లు. ఎలా పట్టుకోవాలో నన్నే అడుగుతారు, మందు పేరు మాత్రం వాళ్లే రాస్తారు.

పోయిన వానాకాలం మా వాడకట్టు అమ్మాయి ఒకతె ఫోన్‌లో తన ర్యాంకు చూపించి, "అక్కా, నాకు వెటర్నరీ సీటొస్తదా?" అంది. ఇంచుమించు నా ర్యాంకే. బాపు అరుగు మీద కూర్చుని డ్యూటీ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"భూమి ఉన్నదా మీకు?"

"ఉన్నదని మా బాపు అన్నడక్కా."

"మీ బాపునడగకు. సర్వే నంబర్ కొట్టి నువ్వే చూసుకో."

బాపు రెండో బూటు లేసు కట్టుకుని, టిఫిన్ డబ్బా అందుకుని, "పోయొస్త" అన్నాడు. అమ్మ మాత్రం "మంచిది" అంది.

ఆ అమ్మాయి అక్కడే నిలబడి నంబరు కొట్టి చూసుకుంది. "ఉన్నదక్కా, మా బాపు పేరే ఉన్నది" అంది నవ్వుతూ. సీటు వస్తుందని చెప్పాను. ఆ పేరు అక్కడ లేకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఎవరితోనూ అనలేని మాట కనుక ఇక్కడ రాస్తున్నాను.