అక్క పెట్టిన మాటలు

మా అక్క ఒక ఆస్పత్రిలో రికార్డుల గుమస్తా. సాయంత్రం ఇంటికొచ్చాక ఆమెకి ఇంకో ఉద్యోగం ఉంది. దానికి జీతం లేదు, పై అధికారి లేడు, సెలవంటూ అసలే లేదు. ఉత్తరాలు రాసుకోవడానికి, పట్టికలు వేసుకోవడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి తయారుచేసేది. దాని తెర మీద కనిపించే మాటల్ని తెలుగులో పెట్టేవాళ్ళలో మా అక్క ఒకతె. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

ఇక మా బావ చేసేదేమిటంటారా? అదే పనికొచ్చే ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ని ఆఫీసులకి అమ్మడం! నేను వాళ్ళతోనే ఉంటాను కాబట్టి ఈ చోద్యం రోజూ చూస్తాను.

మాట వెతుకుతున్నప్పుడు అక్క ఈ లోకంలో ఉండదు. కిటికీలోంచి పడే పల్చటి వెలుతురులో నిలబడి, ఉతికిన బట్టలు మడతపెడుతూ పెదాలు కదుపుతుంది. కుళాయి కింద గిన్నె నిండి పొర్లిపోతున్నా అలా చూస్తూనే ఉంటుంది. చేసిన పొరపాటుని వెనక్కి తీసుకునే మీటకి ఏం పేరు పెట్టాలా అని నెల రోజులు ఇల్లంతా తిరిగింది. చివరికి ఒకరోజు దుప్పటి మడతపెడుతూ "వద్దులే!" అంది.

"ఏం వద్దే?" అన్నాను.

"అదేనే, ఆ మీట పేరు. ఎవరో తప్పు టైపు చేసి గతుక్కుమంటారు కదా, అప్పుడు పక్కన కూర్చున్న మనిషి అన్నట్టుండాలి."

తను ఎన్నడూ చూడని గదులు తనకి కనిపిస్తాయట. ఒక్కో గదిలో ఒక కుర్చీ, కాస్త వెలుగు, ముఖం తెలియని మనిషి. ఆ మనిషి వేలు వెళ్ళి అక్క పెట్టిన మాట మీద ఆగుతుందట. అలా చెబుతున్నప్పుడు ఆమె గొంతు నిద్రలో మాట్లాడుతున్నంత మెల్లగా ఉంటుంది.

"ఊరికే ఇచ్చేదానికి ఊడిగమేంటి? నీ పేరైనా ఉండదు," అని బావ నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. అక్కకి జ్వరమొస్తే సెలవు పెట్టి పక్కనే కూర్చుంటాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంతే! కానీ ఆ నవ్వు అక్కని తొలిచేసింది. పోయిన నెల, "ఇంకా మూడొందల మాటలున్నాయి. ఆపేస్తానే. ఎవరు చదువుతారు?" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. భయం కూడా వేసింది. ఆ పని వదిలేస్తే మా అక్క మా అక్కలా ఉండదు. వారం రోజులు కంప్యూటర్ మీద గుడ్డ కప్పే ఉంది. కుళాయి సమయానికి కట్టేస్తోంది.

ఆ వారంలోనే బావ ఒక గ్రంథాలయానికి బేరం కోసం వెళ్ళాడు. తిరిగొచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"బేరం పోయింది. ఆ లైబ్రేరియన్ పెద్దావిడ. నేను చెప్పేదంతా విని, తన కంప్యూటర్‌లో మీ ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి నావైపు తిప్పింది. 'బాబూ, ఇది నాతో ఇంట్లోవాళ్ళలా మాట్లాడుతుంది. ఈ మాటలు పెట్టిందెవరో తెలుసా?' అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

బావ తల దించుకున్నాడు. "తెలీదన్నాను."

ఛీ! చేతిలో గరిటె విసిరేసేదాన్నే. నా భార్య అని చెప్పడానికి అంత నామోషీ ఏమిటి? అక్క ముఖం చూడాలంటే భయమేసింది. చూస్తే, కళ్ళనీళ్ళతో నవ్వుతోంది. బావ ఆడిన అబద్ధం ఆమె చెవిన పడనే లేదు.

"అడిగిందా? నిజంగా అడిగిందా? ఏ మాట చూసి అడిగింది?"

"అది... నేను గమనించలేదు."

"గమనించలేదా! అంత దూరం వెళ్ళి, అదొక్కటి కనుక్కోకుండా వచ్చారా?"

పెళ్ళయ్యాక అక్క బావ మీద గొంతెత్తడం అదే మొదటిసారి. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళి, కంప్యూటర్ మీది గుడ్డ లాగేసింది.

మర్నాడు బావ సెలవు పెట్టి, బేరమేమీ లేకపోయినా మళ్ళీ ఆ గ్రంథాలయానికి బయలుదేరాడు. చెప్పులు వేసుకుంటుంటే నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"ఆ మాటలు ఎవరివో కూడా చెప్పి రా బావా."

"ముందు అదే చెప్తాను," అన్నాడు.