పేరు పెట్టి చెప్పాల్సిన ఓటు

ముప్పయ్యెనిమిదేళ్ల కాపురంలో దాలమ్మ మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. రేషను డీలరు అడిగితే ఆధార్ కార్డు చూపిస్తుంది. ఆసుపత్రిలో అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పిస్తుంది. ఆయన పేరు గంగులు కాబట్టి, ఊరంతా గంగమ్మకు మొక్కుతుంటే తను మాత్రం ‘సముద్రంలో అమ్మోరు’కి మొక్కుతుంది. గంగిరెద్దు వాకిట్లోకి వస్తే అది ‘తలూపే ఎద్దు’. కళింగపట్నంలో ఎండుచేపల బేరం దగ్గర ఆమె నోటికి ఎదురు నిలిచే మగాడు లేడు గానీ, ఈ ఒక్క విషయంలో ఆ నోటికి తాళమే.

ఇది ఉత్త సిగ్గు కాదు. ఆమె అక్క లక్ష్మణమ్మ ఓసారి కోపం పట్టలేక మొగుణ్ణి నలుగురిలో పేరు పెట్టి తిట్టింది. ఆ వారమే అతని పడవ బోల్తా పడింది, మనిషి దొరకలేదు. ఆ రెండింటికీ సంబంధం లేదని చదువుకున్నవాళ్లు వంద చెబుతారు. వాళ్ల మొగుళ్లు వేటకు వెళ్లరు కదా మరి.

ఈ ఏడు మత్స్యకారుల సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. గంగులు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. అరవై దాటాయి, ఇదే ఆఖరిసారి అన్నాడు. సంఘం ఆఫీసు బోర్డు మీద తన పేరు చూసుకోవాలని ఆ మనిషికి పిచ్చి. దాలమ్మకీ అదే పిచ్చి. ఇల్లిల్లూ తిరిగి, గడ్డాలు పట్టుకుని మరీ ఓట్లడిగింది.

కిందటిసారి చీటీలు మార్చేశారని ఊళ్లో కొట్టుకున్నారు. అందుకని ఈసారి ఎన్నిక జరిపించే పని రిటైరైన సోషల్ మాస్టారు నరసింగరావుకి అప్పగించారు. ఆయనకు అమెరికా పాత ఎన్నికలంటే ప్రాణం. పంతొమ్మిదో శతాబ్దంలో కెంటకీ అనే రాష్ట్రంలో గవర్నరును ఎన్నుకోవడానికి చీటీలూ పెట్టెలూ ఉండేవి కావని, ఒక్కొక్కరే ముందుకొచ్చి తమకు కావలసినవాడి పేరు అందరూ వినేలా చెబితే గుమస్తా రాసుకునేవాడని చెప్పాడు. మనమూ అలాగే చేద్దామన్నాడు. అందరికీ నచ్చింది. ఆ గవర్నరు ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు లేదన్న సంగతి మాత్రం మాస్టారికి ఆ క్షణాన తట్టలేదు.

దాలమ్మకు చిక్కు వెంటనే అర్థమైంది. చేపలు తిరగేస్తూ నాలుగు రోజులు తనలో తనే సాధన చేసింది. పెదవులు కదిలేవి, గొంతు లేచేది కాదు.

ఆ రోజు రానే వచ్చింది. గంగులు మీద పోటీకి దిగిన గిరిబాబు పెళ్లాం యమున ఈ కాలపు పిల్ల. ఫోనులో పిలిచినట్టే మొగుడి పేరు చెప్పేసి వెళ్లి కూర్చుంది. సంఘంలో ఆడా మగా కలిపి నలభై ఒక్కమంది. నలభై ఓట్లు పడేసరికి చెరి ఇరవై. మిగిలింది దాలమ్మ.

ఆమె లేచి, “మా గోపి నాయన,” అంది.

గోపి వాళ్ల కొడుకు. అందరూ నవ్వారు. ఊళ్లో గోపీలు నలుగురున్నారని గిరిబాబు వర్గం అడ్డం తిరిగింది. మాస్టారు నొచ్చుకుంటూనే, పేరే చెప్పాలని, లేకపోతే ఎన్నిక రద్దయి మళ్లీ పెట్టాల్సి వస్తుందని అన్నాడు. మళ్లీ పెట్టినా ఆమె మళ్లీ ఇక్కడే నిలబడాలి.

“సెప్పీయే, ఏటీ అవదు,” అన్నాడు గంగులు.

దాలమ్మ ఆయన ముఖం చూసింది. ఎండకు మాడిన ఆ ముఖం నిండా ఆశే. తెల్లారితే ఆ మనిషి వేటకు వెళ్లాలి. కళ్లు మూసుకుని, “గిరిబాబు,” అంది.

ఒక్క ఓటు తేడాతో గిరిబాబు గెలిచాడు. మాస్టారు ఆ పేరు రాసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు గంగులు ముందు నడిచాడు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని దాలమ్మ వెనకే నడిచింది.

“ఒక్క మాట సెప్పుంటే గెలిసీవోడిని కదే,” అన్నాడు చివరికి.

“గెలిసీవోడివే మావా. రేపు నువ్వు ఒడ్డుకి రాపోతే, ఆ బోర్డు మీద పేరు సూసుకుని నానేటి సేసుకోవాల?”

గంగులు ఆగాడు. ఆమె పక్కకు వచ్చాక, నెత్తి మీది బుట్ట దించి తను పట్టుకున్నాడు.